మామ చిలుం, దొర పైపు

నాకు పొగ అలవాటు లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, దాని వల్ల నా నెత్తికి చుట్టుకున్న ఒక తద్దినం సంగతి చెప్పడానికే ఇది మొదలుపెట్టాను. నేను బెల్లంపల్లి బొగ్గుగనిలో హాజరు గుమస్తాగా చేరిన రోజుల్లో ఆ కాలనీలో పొగ తాగని మగవాడి కోసం భూతద్దం పెట్టి వెతకాల్సి వచ్చేది. బీడీ తాగేవాళ్లు, చుట్ట తాగేవాళ్లు, మట్టి గొట్టంలో పొగాకు కూరి చిలుం గుంజేవాళ్లు, ఆఫీసర్లయితే సిగరెట్లు, పైపులు. అందుకే చేరిన రెండో ఏడే నన్ను పట్టుకొని పైపు బహుమతికి తీర్పరిని చేశారు.

ఆ బహుమతి కథ ముందు చెప్పాలి. నిజాం కాలంలో ఆ గనికి ఒక తెల్లదొర మేనేజరుగా ఉండేవాడట. గనిలోకి దిగేటప్పుడు తప్ప నోట్లో పైపు లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదట. పోలీసు చర్య అయిన కొన్నాళ్లకు తన దేశం వెళ్లిపోతూ, తన పైపుల్లో ఒకదాన్ని టేకు పెట్టెలో పెట్టి క్లబ్బుకిచ్చి, ఒక కాగితం రాసిపెట్టి పోయాడు. పైపు తాగే పద్ధతిని బతికించి నలుగురికీ పంచినవాడికి ఏటా దసరాకు ఆ పైపు ఇవ్వాలి. గెలిచినవాడు దాన్ని ఏడాది తన దగ్గర ఉంచుకొని మళ్లీ దసరాకు తెచ్చివ్వాలి. ఎవరు గెలిచారో తేల్చే ముగ్గురూ పొగ తాగనివాళ్లయి ఉండాలి, అభ్యర్థుల ఇళ్లకు వెళ్లి కళ్లారా చూసి మరీ తేల్చాలి. పొగ సంగతి పొగ తాగనివాడు తేల్చడమేమిటని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. తాగేవాళ్లయితే ఎవరికి వాళ్లే ఇచ్చుకుంటారని హెడ్ క్లర్కు చెప్పాడు. దొర తెలివి దొరది.

దసరాకు గని బంద్. ఇంజన్లకూ గడ్డపారలకూ పసుపు కుంకుమలు పెట్టి, యాటలు కోసి, సాయంత్రం మైదానంలో స్టేజీ కట్టి ఈ బహుమతి ఇచ్చేవారు. నేను వచ్చేనాటికి అది ఆఫీసర్ల చేతులు దాటి పోయింది లేదు. పైపులు ఉన్నది వాళ్ల దగ్గరే కదా. కూలీలు మైదానంలో గోనెసంచులు పరుచుకొని కూర్చొని చప్పట్లు కొట్టేవారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో, ఆ రెండో ఏడు, క్లబ్బు గుమ్మానికి కట్టిన డబ్బాలో రెండే చీటీలు పడ్డాయి. ఒకదాని మీద డాక్టరు గారి పేరు. రెండోదాని మీద మా మామ పేరు.

మామ అంటే నా భార్య తండ్రి. లక్సెట్టిపేట దిక్కు పల్లె నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చి, పాతికేళ్లుగా మా గనిలోనే టింబర్ పని చేస్తున్నాడు. బొగ్గు తవ్వినచోట కప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టే పని. ఆ దసరాతో ఆయన నౌకరి పూర్తవుతుంది. చీటీ ఆయన జట్టువాళ్లే వేసి ఉంటారు. తీర్పరుల్లో ఒకడు ఆయన అల్లుడు అని వాళ్లకు తెలియదంటే నేను నమ్మను.

చీటీలు విప్పిన సంగతి నేను ఇల్లు చేరేలోపే ఇంటికి చేరింది. నా భార్య పళ్లెంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఇగో, బాపుకు రాకుంటే మాత్రం నేను అవ్వగారింటికి పోత."

"మీ అవ్వగారిల్లు గీ ఎనుక లైన్లనే ఉన్నది గదనే."

"అందుకే చెప్తున్న. రోజు పోత."

మర్నాడు మామే వచ్చాడు, హాజరు కిటికీ దగ్గరికి. షిఫ్టు ముగిసి పైకి వచ్చినవాడు, ఒంటి నిండా బొగ్గు. వెనక ఎవరూ లేరని చూసుకొని కిటికీ చువ్వలకు మొహం ఆనించాడు.

"అల్లుడా, నాకేం ఆశ లేదు గని, ఒక్క మాట. పాతికేండ్ల సంది కిందికే దిగిన. ఒక్కపారన్న గా స్టేజీ ఎక్కి నలుగుట్ల నిలబడాల్నని ఉన్నది. దసరా అయినంక మూట సదురుకొని ఊరికి పోవుడే. గిన్నేండ్లు ఏం జేసినవ్ అని ఊరోళ్లు అడిగితే ఏం జెప్పాలె? కట్టెలు నిలబెట్టిన అనాల్నా?"

"చిలుం తాగి గెలిచిన అని చెప్తవా మరి?"

"నవ్వకు అల్లుడా. గెలిచిన అని జెప్త. దేంట్ల అని ఎవడడుగుతడు?"

నవ్వకుండా ఉండటం నా వల్ల కాలేదు. కాని ఆయన నవ్వలేదు. చువ్వలు పట్టుకొని నా జవాబు కోసం నిలబడ్డాడు. "సూద్దాం మామా" అన్నాను. ఆ "సూద్దాం" అన్న మాటలో ఎంత ఉందో ఆయనకు తెలుసు. ఏమీ లేదని తెలుసు. తల వంచుకొని పోయాడు.

నిజం చెప్పాలంటే ఆయనకు ఇవ్వాలని నాకు లేదు. అల్లుడు మామకు ఇప్పించాడంటారన్న భయం ఒకటి. రెండోది ఇంకా పాతది. మామ తన చిలుం తాను ముట్టించుకునేవాడు కాదు. ఇంటి ముందు అరుగు మీద కూర్చొని "ఏమే, అగ్గి!" అని కేకేసేవాడు. అత్త లోపలి నుంచి నిప్పు పెట్టి, పొగ లేస్తున్న చిలుం తెచ్చి చేతికివ్వాలి. కూర్చున్న చోటి నుంచి కదలకుండా పెళ్లాన్ని కేకేసే మగవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నా పెళ్లయిన కొత్తలో మొదటిసారి ఆ కేక విన్నప్పుడే, ఈయన దగ్గర పిల్లను తెచ్చుకున్నానే అనుకున్నాను. అత్త మాత్రం ఒక్కనాడూ విసుక్కోలేదు. అది చూసి నాకు ఇంకా మండేది.

తీర్పరులం ముగ్గురం. నేను, ఆస్పత్రి కాంపౌండరు, బడిలో ఉర్దూ మాస్టారు. కాంపౌండరు ఆసిఫాబాద్ దిక్కువాడు, ఇంట్లో మరాఠీ, బయట తెలుగు. మాస్టారు పొగ తాగడు కాని రోజుకు ఇరవై పాన్లు నములుతాడు. దొర కాగితంలో పాన్ల గురించి ఏమీ లేదు కాబట్టి సరిపోయింది.

ముందు డాక్టరు గారింటికి వెళ్లాం. కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన మనిషి. మంచి వైద్యుడు, కూలీ అయినా ఆఫీసరైనా నాడి ఒకలాగే పట్టి చూసేవాడు. గదిలో ఒక చెక్క స్టాండు, దాని మీద ఏడు పైపులు.

"రండి రండి, కూర్చోండి. ఇది శాస్త్రమండీ, అలవాటు కాదు. రోజుకో పైపు. ఇవాళ కాల్చినదాన్ని మళ్లీ వారం దాకా ముట్టుకోకూడదు. దానికి విశ్రాంతి ఉండాలి కదా!"

గనిలో పనిచేసేవాళ్లకు కూడా వారానికి ఒక్కరోజే విశ్రాంతి అని నా నోటిదాకా వచ్చింది. ఆయన పైపులో పొగాకు కూరి, అగ్గిపుల్ల గీసి, నాలుగు దమ్ములు లాగి, ఇంగ్లాండులో ఎలా తాగుతారో చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పేలోపు పైపు ఆరిపోయింది. మళ్లీ గీశాడు. మళ్లీ ఆరింది. గంటసేపట్లో అరపెట్టె అగ్గిపుల్లలు అయిపోయాయి. పొగ వాసన మాత్రం కమ్మగా, బెల్లంపాకంలా ఉంది. ఇంట్లో ఇంకెవరికీ పొగ పడదని, అందుకే ఈ గదిలో తలుపేసుకొని ఒక్కడే తాగుతానని ఆయనే చెప్పాడు. మాస్టారికి ఏడెనిమిది తుమ్ములొచ్చాయి. కాంపౌండరు ఒక్కటీ తుమ్మలేదు. పై అధికారి పొగ కదా.

మర్నాడు, పగటి షిఫ్టు దిగాక మామ ఇంటికి వెళ్లాం. అరుగు మీదా వాకిట్లోనూ పదిమంది దాకా ఉన్నారు. రాయపూర్ దిక్కు నుంచి వచ్చినవాళ్లు, చాందా నుంచి వచ్చినవాళ్లు, కరీంనగర్ పల్లెల నుంచి వ్యవసాయం దండగై వచ్చినవాళ్లు. మామ నన్ను చూసి అల్లుడిలా పలకరించలేదు, ఆఫీసరును చూసినట్టు లేచి నిలబడ్డాడు. నాకు సిగ్గేసింది. ఆ వెంటనే "ఏమే, అగ్గి!" అని కేకేశాడు. సిగ్గు పోయి మంట వచ్చింది.

అత్త కొంగు నెత్తి మీదికి లాక్కొని, పొగ లేస్తున్న చిలుం తెచ్చి ఇచ్చి లోపలికి పోయింది. మామ దాని సన్నటి కొనకు తడిగుడ్డ చుట్టి, రెండు చేతుల మధ్య పట్టుకొని, కళ్లు మూసుకొని ఒక్క దమ్ము లాగాడు. తర్వాత అది తన దోస్తులకు పోలేదు. మూలన ముడుచుకొని కూర్చున్న ఒక కొత్త కూలీకి పోయింది. వారం కింద రాయపూర్ నుంచి వచ్చాడట, తెలుగు ముక్క రాదు. అతడు దమ్ము లాగి దగ్గాడు, అందరూ నవ్వారు, అతడూ నవ్వాడు. అప్పుడు మామ రెండు కట్టెపుల్లలు తీసుకొని ఒకదాని మీద ఒకటి ఒత్తి, కిర్రుమనిపించి, ఆ పిలగాని చెవి దగ్గర పెట్టాడు.

"సునో. కట్టె ఏడుస్తది. కట్టె ఏడ్సిందంటే కప్పు కూలుతది. బొగ్గు లేదు, గడ్డపార లేదు, ఉరుకుడే. భాగో. సమ్‌ఝే?"

అతడు తలాడించాడు. చిలుం తిరుగుతూనే ఉంది, మామ మళ్లీ మళ్లీ ఆ పుల్లల్ని కిర్రుమనిపిస్తూనే ఉన్నాడు. ఒక్కో కొత్తవాడి చేత కళ్లు మూయించి, ఏది ఉత్త చప్పుడో ఏది ఏడుపో చెప్పమన్నాడు. తప్పు చెప్పినవాడికి చిలుం వంతు తప్పేది. మాస్టారు పాన్ నమలడం ఆపేశాడు.

డిస్పెన్సరీ వరండాలో కూర్చొని మాట్లాడుకున్నాం. ముందు కాంపౌండరు అందుకున్నాడు.

"డాక్టర్ సాబ్ కాడ ఏడు పైపులున్నయి. ముసలాయన కాడ ఒక్క మట్టి చిలుం. అది పైపేనా అసలు?"

"అరే భాయ్, పైపుకు చిలుం తాత" అన్నాడు మాస్టారు. "చిలుం నిలబడి ఉంటది, పైపు పండుకుంటది. గంతే ఫరక్. దొర కాగితంల నలుగురికి పంచాలె అని లేదా? డాక్టర్ సాబ్ తలుపేసుకొని తాగుతుండు. గీయన ఊరందరికి తాపుతుండు, పైనుంచి పానం కాపాడుకునుడు నేర్పుతుండు."

"బరోబర్. గాని తన చిలుం తాను ముట్టిచ్చుకునుడు గూడ రాదాయె. డాక్టర్ సాబ్ ఎన్నిసార్లు ఆరినా తనే ముట్టిచ్చుకున్నడు. పెండ్లాం ముట్టిస్తే తాగేటోనికి బహుమతి ఏంది బాబా?"

నా మనసులోని మాట అతడి నోట వింటుంటే నాకు అతడి మీద కోపం వచ్చింది. మన ఇంటి మురికి మనం ఎత్తిపోసుకోవచ్చు, పక్కింటివాడు వేలు పెట్టి చూపిస్తే ఊరుకోలేం. మాస్టారు మామకు, కాంపౌండరు డాక్టరుకు. ఇద్దరూ నా వైపు చూశారు. రెండు రోజులు గడువు అడిగాను.

ఆ రెండు రోజులూ నా భార్య నాతో మాట్లాడలేదు. చారులో ఉప్పు వేయడం కూడా మరిచిపోయింది, లేక మరవలేదేమో. నేను మాత్రం ఆ రాయపూర్ పిలగాడినే తలుచుకున్నాను. రోజూ హాజరు కిటికీ దగ్గర వాణ్ణి చూసేవాణ్ణి, ఎవరితోనూ కలవకుండా గోడకు ఆనుకొని ఉండేవాడు. అరుగు మీద నవ్వాడు. మామ పెళ్లాన్ని కేకేసే మనిషే కావచ్చు. కాని బహుమతి మంచి మొగుడికి కాదు కదా. పోయి నా ఓటు మామకే అని చెప్పాను. కాంపౌండరు నిట్టూర్చి, "సరే, డాక్టర్ సాబ్‌కు నువ్వే చెప్పు" అన్నాడు. డాక్టరు గారు విని పగలబడి నవ్వాడు. "చిలుం చేతిలో ఓడిపోయానా! సరే, ఆ రోజు పైపులో పొగాకు మాత్రం నేనే నింపుతానండీ" అన్నాడు.

దసరా సాయంత్రం ఎండ ఇంకా పోలేదు. మామ కొత్త ధోవతి కట్టి, ఎర్ర రుమాలు చుట్టి, మెట్టు మెట్టుకూ ఆగి స్టేజీ ఎక్కాడు. కింద ఆయన జట్టువాళ్లు ఈలలు వేశారు. రాయపూర్ పిలగాడు అందరికంటే గట్టిగా వేశాడు. నా భార్య ఆడవాళ్ల మధ్య కూర్చొని అప్పుడే కళ్లొత్తుకుంటోంది. మేనేజరు శాలువా కప్పాడు. డాక్టరు గారు టేకు పెట్టెలోంచి దొర పైపు తీసి, తన పొగాకు నింపి, మామ చేతిలో పెట్టాడు. మేనేజరు జేబులోంచి అగ్గిపెట్టె తీసి చాపాడు. గెలిచినవాడు అందరి ముందూ ముట్టించి మొదటి దమ్ము లాగడం ఆనవాయితీ.

పొగ తాగని మా ముగ్గురిలో ఒక్కడికీ ఈ సంగతి తట్టలేదు. ఎంత పొగ, ఎలాంటి పొగ, ఎందరికి పొగ అని వారం రోజులు కొట్టుకున్నాం. స్టేజీ మీద అగ్గి మాట మరిచాం.

మామ పైపు పట్టుకొని అలాగే నిలబడ్డాడు. రెండో చెయ్యి వీపు వెనక్కి పోయింది. మేనేజరు అగ్గిపెట్టె ఇంకాస్త ముందుకు చాపాడు. మామ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ముట్టియ్యవోయ్ తాతా!" అని కింద ఎవరో అరిచారు. ఇంకెవరో నవ్వారు. ఆఫీసర్ల వరసలో గుసగుసలు. కాంపౌండరు నా వైపు తిరిగి, నేను చెప్పలేదా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. ఇన్ని వందల మంది ముందు కూడా ఈయనకు పెళ్లామే ముట్టించాలా అని నాకు తల కొట్టేసినట్టయింది. పాతికేళ్లకు ఒక్కసారి స్టేజీ ఎక్కాడు, దిగేటప్పుడు నవ్వులపాలై దిగుతాడు. ఎక్కించింది నేను.

"సాబ్, నేను అగ్గిపెట్టె ముట్టను" అన్నాడు మామ.

"ఎందుకు?" అన్నాడు మేనేజరు.

మామ కిందికి చూశాడు. ఆయన జట్టువాళ్లు నవ్వడం ఆపారు.

"కొత్తగ చేరిన దినాలల్ల ఒకనాడు ధోతి ముడిల అగ్గిపెట్టె మరిచి కిందికి దిగిన. గనికాడ సోదా జేసిండ్రు గని దొర్కలే. కింద నడుము సవరించుకుంటుంటె చేతికి తగిలింది. నా పక్కన నలబై మంది ఉన్నరు. చెప్పలే. పారెయ్యలే. షిఫ్టు అయ్యేదాంక గట్లనే గజగజ వణుక్కుంట కట్టెలు నిలబెట్టిన. ఏం గాలే, దేవుడు సల్లగ సూసిండు. ఇంటికి పోయి నా ఇంటిదాని చేతుల పెట్టి, ఇగ నా పానం పోయినా గిది నాకియ్యకు అన్న. గా పొద్దు సంది అది ఆమె కొంగుకే ఉంటది. నేను పనికి పోంగ ఇంటి ముందర నిలబెట్టి నా నడుము, నా రుమాలు తడిమి సూస్తది. గనికాడి సోదా తర్వాత సాబ్. మొదాలు సోదా ఆమెదే."

గనిలో ఊరే గ్యాసు అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలని, లోపలికి అగ్గిపెట్టె తీసుకుపోతే నౌకరి ఊడుతుందని పసిపిల్లలకు కూడా తెలుసు.

"ఇది నా ముందే చెప్తున్నావా?" అన్నాడు మేనేజరు.

"నౌకరి ఇయ్యాల్టితోని ఖతమే గద సాబ్. ఇంకేం గుంజుకుంటరు?"

ముందు నవ్వింది మేనేజరే. తర్వాత మైదానం మొత్తం నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ వెనక లైన్లో ప్రతి పొద్దునా జరిగే సోదా నేను ఒక్కసారీ చూడలేదు. సాయంత్రం కేక మాత్రం విని, మామను సోమరిపోతని, అత్తను నోరు లేనిదని తీర్పు చెప్పుకున్నాను. నాకంటే గుడ్డి తీర్పరి ఆ గనిలో ఉండడు.

మామ ఆడవాళ్ల వైపు తిరిగాడు. ఈసారి కేక వేయలేదు.

"జర రావే" అన్నాడు.

అత్త లేవలేదు. నా భార్య రెక్క పట్టి లేపి, మెట్ల దాకా తీసుకొచ్చి, పైకి నెట్టింది. అంతవరకూ ఆ స్టేజీ ఎక్కిన ఆడమనిషి లేదు. అత్త ఎవరి మొహమూ చూడకుండా మామ చేతిలోంచి పైపు తీసుకుంది. మేనేజరు అగ్గిపెట్టె చాపితే అక్కరలేదని తలూపి, కొంగు ముడి విప్పింది. పైపు నోట్లో పెట్టుకొని పుల్ల గీసింది. ఒకటే పుల్ల. గుక్క తిప్పుకోకుండా మూడు దమ్ములు లాగి, ముక్కులోంచి పొగ వదిలింది. అప్పుడు తెలిసింది మాకు, చిలుం పాతికేళ్లుగా లోపలి నుంచి ఎలా రాజుకొని వస్తోందో. "అబ్బో!" అన్నాడు డాక్టరు గారు. ఆడవాళ్లు ముందు నోళ్ల మీద చేతులు పెట్టుకున్నారు, తర్వాత ఆ చేతులతోనే చప్పట్లు కొట్టారు.

గెలిచినవాడి కోసం వేసిన కుర్చీ ఒకటే ఉంది. మేనేజరు మామను కూర్చోమన్నాడు. మామ ఆ కుర్చీని అత్త వైపు జరిపాడు.

"నువ్వు కూసో."

"నేనా? గింతమంది ముంగట?"

"పాతికేండ్లు నన్ను నిలబెట్టి సోదా జేసినవ్. ఇయ్యాల గూడ నేను నిలబడుత గని, కూసో."

అత్త కూర్చుంది. ఇంకో దమ్ము లాగింది. మామ శాలువా కప్పుకొని ఆమె పక్కన నిలబడి, పైపు తన వంతుకు వచ్చేదాకా ఎదురుచూశాడు.